పినాంగ్‌లో సొంతంగా తిరగండి, ఫుకెట్‌లో లెక్క చూసుకోండి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి నుంచి విశాఖకో భువనేశ్వర్‌కో వెళ్లి, అక్కడి నుంచి సింగపూర్ చేరి క్రూయిజ్ ఎక్కే మన తెలుగు కుటుంబాలకు టికెట్ కొన్న మర్నాటి నుంచే ఒక ప్రశ్న ఎదురవుతుంది. ఓడవాళ్లు అమ్మే రేవు టూర్లు కొనాలా, దిగి మనంతట మనమే తిరగాలా? సింగపూర్ నుంచి మలేషియాలోని పినాంగ్, థాయ్‌లాండ్ దీవి ఫుకెట్ మీదుగా మళ్లీ సింగపూర్ చేరే మార్గానికి జవాబు ఒకటి కాదు, రెండు. ఓడ దిగిన చోటికీ మీరు చూడాలనుకున్న చోటికీ ఎంత దూరం, ఆ మధ్యలో మళ్లీ పడవ ఎక్కాలా అన్నది ముందు తేల్చుకోండి.

పినాంగ్‌లో టూర్ అక్కర్లేదు. ఓడ స్వెటన్‌హామ్ పియర్‌కే, అంటే ఓడల జెట్టీకే చేరుతుంది, ఆ పియర్ ఉన్నది జార్జ్‌టౌన్ నడిబొడ్డున. గేటు దాటి పది నిమిషాలు నడిస్తే కార్న్‌వాలిస్ కోట. అక్కడి నుంచి లిటిల్ ఇండియా, క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి శ్రీ మహామారియమ్మన్ గుడి, కపితాన్ కెలింగ్ మసీదు, ఆర్మీనియన్ వీధిలో గోడ మీద సైకిలెక్కిన పిల్లల బొమ్మ, చివర చ్యూ జెట్టీలో నీళ్లలో స్తంభాలు పాతి కట్టుకున్న చీనావాళ్ల ఇళ్లు. 2008లో యునెస్కో జాబితాకెక్కిన పాత పట్టణం ఇదే. తాపీగా చూసినా నాలుగు గంటలు చాలు. ఓడవాళ్ల బస్సు ఈ ఇరుకు వీధుల్లోకి రాదు. ఎక్కడో దించి జెండా పట్టుకున్న గైడు వెనక నడిపిస్తారు. ఆ నడకేదో మనమే నడవచ్చు.

ఆ మసీదు పేరులోని కెలింగ్ అన్న మాట మన కళింగ నుంచి పుట్టిందే. గోపాల్‌పూర్ తీరంలో పాత జెట్టీ స్తంభాలు చూసి పెరిగినవాళ్లకు, ఇక్కడి నుంచి రంగూన్ ఓడలెక్కినవాళ్ల కథలు విన్నవాళ్లకు ఆ వీధిలో కాసేపు నిలబడాలనిపిస్తుంది. టూర్ బస్సు ఆ కాసేపు ఇవ్వదు. ఒక జాగ్రత్త: ఈ రోజుల్లో మలేషియాలో మనిషిని ఆ మాటతో పిలిస్తే తిట్టే. కట్టడం పేరుగా తప్ప నోట రానివ్వకండి.

తిండికి లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం, ఇడ్లీ, దోసె దొరుకుతాయి. దుకాణాల్లో తమిళం, ఇంగ్లీషు నడుస్తాయి. మలేషియా డబ్బు రింగిట్లు అక్కడి మనీ చేంజర్ దగ్గరే తీసుకోవచ్చు. చిన్న నోట్లు అడగండి, బస్సు డ్రైవరు చిల్లర ఇవ్వడు.

పినాంగ్ హిల్ కావాలంటే మాత్రం గడియారం చూసి కదలాలి. వెల్డ్ క్వే బస్టాండు నుంచి 204 నంబరు బస్సు కొమ్తార్ మీదుగా కొండ కింది స్టేషన్‌కు వెళ్తుంది, దాదాపు గంట పట్టొచ్చు. మన ఓలా, ఊబర్ లాంటి గ్రాబ్ కారులో రోడ్డు ఖాళీగా ఉంటే అరగంట. తాడుతో కొండపైకి లాగే ఫ్యూనిక్యులర్ రైలుకు శని, ఆదివారాల్లో చైత్ర మంగళవారం తారాతరిణి రోప్‌వేను తలపించే క్యూ ఉంటుంది, దిగేటప్పుడూ అంతే. ఓడ సాయంత్రం 6కి బయల్దేరుతుందంటే 5:30కే అందరూ లోపల ఉండాలని రాస్తారు. కాబట్టి 4:30కి పియర్ చేరాలి, కిందికి దిగే క్యూలో 2:30కే నిలబడాలి. ఓడ పొద్దున్నే రేవు పట్టిన రోజైతేనే కొండ పెట్టుకోండి. మధ్యాహ్నం పట్టిందా, జార్జ్‌టౌన్‌తో సరిపెట్టుకోవడం మంచిది.

గ్రాబ్ యాప్‌ను ఇంటి దగ్గరే ఫోన్‌లో వేసుకుని, కార్డు కలిపి ఉంచుకోండి. రోమింగ్ లేకపోతే అక్కడ ఓటీపీ రాదు, యాప్ తెరుచుకోదు.

ఫుకెట్ సంగతి వేరు. చాలా ఓడలు పటాంగ్ బేలో లంగరు వేసి, చిన్న పడవల్లో జనాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. ఈ పడవలనే టెండర్లు అంటారు. ఓడ టూర్ కొన్నవాళ్లను ముందు దింపుతారు, మిగిలినవాళ్లు టోకెన్ తీసుకుని కూర్చోవాలి. ఈ ఎదురుచూపులో గంట పోవచ్చు. పైగా చివరి టెండర్ సమయం వేరు, ఓడ బయల్దేరే సమయం వేరు. మీరు గుర్తు పెట్టుకోవాల్సింది మొదటిదే. మే నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలికి అలలు లేస్తే టెండర్లు ఆపేసి, రేవునే రద్దు చేసే రోజులూ ఉంటాయి. అప్పుడు ఓడ టూర్ డబ్బు వాపసు ఇస్తారు. బయట ముందే కట్టిన డబ్బు వస్తుందన్న భరోసా లేదు. అందుకే ఫుకెట్‌లో ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి, లేదా దిగాకే మాట్లాడుకోండి.

పటాంగ్ బీచి, బజారు చాలనుకుంటే టూర్ దండగ, టెండర్ దిగితే అవి ఎదురుగానే ఉంటాయి. పాత ఫుకెట్ టౌన్, వాట్ చలాంగ్ గుడి కొండ దాటి అవతల ఉన్నాయి. నలుగురుంటే కారు మాట్లాడుకోండి. టుక్‌టుక్‌లకు మీటరు ఉండదు. చిల్కాకు బరకుల్‌లో బోటు మాట్లాడుకున్నట్టు, ఎన్ని చోట్లు, ఎన్ని గంటలు, రానూపోనూ ఎంత అన్నది ఎక్కకముందే తేల్చుకోవాలి. జెట్ స్కీ తీసుకుంటే ముందుగా దాని నాలుగు వైపులా వీడియో తీయండి, పాత గీతలకు మీ దగ్గర డబ్బు అడగడం అక్కడ పాత తగాదా. మోటారు సైకిల్ అద్దెకు వద్దు. పటాంగ్ కొండ వాలు ప్రమాదకరం. పాస్‌పోర్టు తాకట్టు అడిగే దుకాణాలు మరీ వద్దు.

పీపీ దీవులు, పాంగ్ నా అఖాతం చూడాలంటే ఓడవాళ్ల టూరే కొనండి, ధర ఎక్కువైనా సరే. అటు వెళ్లే స్పీడ్‌బోట్లలో ఎక్కువ భాగం ద్వీపానికి తూర్పు వైపు బయల్దేరతాయి, పటాంగ్ పడమట ఉంది. కొండ దాటే ట్రాఫిక్, గంట పడవ ప్రయాణం, తిరుగుదారిలో గాలి, వీటిలో ఏది తేడా కొట్టినా చివరి టెండర్ తప్పిపోతుంది. ఓడ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది. సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగదు. తర్వాతి రేవుకు విమానం ఖర్చు మీదే.

ఓడ తప్పిపోవడానికి ఇంకో కారణం ఫోను. థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఒడ్డు దిగగానే ఫోను తనంతట తానే థాయ్ సమయానికి మారిపోతుంది, ఓడ మాత్రం సింగపూర్ సమయంలోనే నడుస్తూ ఉండొచ్చు. ఫోనులో 3 అని చూసి ఇంకా గంట ఉందనుకుంటారు, ఓడలో అప్పటికే 4. చేతికి మామూలు గడియారం కట్టుకుని ఓడ సమయానికి తిప్పుకోండి. రోజూ క్యాబిన్‌కు వచ్చే కాగితాన్ని ఫొటో తీసి దగ్గర ఉంచుకోండి. అందులోనే చివరి సమయం, పోర్ట్ ఏజెంట్ (రేవులో ఓడ తరఫు మనిషి) నంబరు ఉంటాయి. ఓడవాళ్లు పాస్‌పోర్టులు తమ దగ్గర పెట్టుకుంటే జిరాక్సు, క్యాబిన్ కార్డు తీసుకుని దిగండి.

మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లు పినాంగ్‌లో కారు మాట్లాడుకోవచ్చు, ఫుకెట్‌లో మాత్రం టెండర్ ఎక్కే చోట మెట్లు, ఊపు ఎలా ఉంటాయో ముందురోజే రిసెప్షన్‌లో అడగాలి.

బయల్దేరే ముందు రెండు చూసుకోండి. సింగపూర్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉండాలి. ఓడ తిరిగి వచ్చేది సింగపూర్‌కే, అది రెండో ప్రవేశం. రెండోది, సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్లు రెండు: మరీనా బే ఒకటి, హార్బర్‌ఫ్రంట్ మరొకటి. మరీనా బే టెర్మినల్‌కు మరీనా సౌత్ పియర్ మెట్రో స్టేషన్‌లో, రెండోదానికి హార్బర్‌ఫ్రంట్ స్టేషన్‌లో దిగాలి. మీది ఏదో టికెట్‌లో చూసి ట్యాక్సీవాడికి పేరు పెట్టి చెప్పండి.