చిన్న కంపెనీలో గ్రూప్ మెడిక్లెయిమ్: ఓనర్‌తో వాటా మాట్లాడుకుని, కొన్నేళ్లు వాడాక

మాది జీడిమెట్లలో చిన్న ప్యాకేజింగ్ యూనిట్. నెల జీతం 21 వేలు దాటితే ఈఎస్ఐ (ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా) వర్తించదు కాబట్టి, ఆఫీసులో మాలాంటి కొందరికి కంపెనీ గ్రూప్ మెడిక్లెయిమ్, అంటే అందరికీ కలిపి ఒకే ఆరోగ్య బీమా పాలసీ తీసుకుంది. ఇన్నేళ్లలో మా ఇంట్లో కూడా క్లెయిములు పెట్టాం. పాలసీ బాగానే ఆదుకుంది. అయితే దాని విలువంతా మొదట్లో ఓనర్‌తో ఏం మాట్లాడుకున్నామన్న దాని మీదే ఉంది. అందుకే ముందు ఆ సంగతి రాస్తున్నాను.

"పాలసీ తీసుకుందాం, ప్రీమియం మీ జీతాల్లోంచి కట్ చేస్తాను" అన్నారు మా సార్. మేం జీతం పెంచమని అడగలేదు. ఈఎస్ఐ లెక్క ఆయన ముందు పెట్టాం. ఈఎస్ఐలో ఉద్యోగి 0.75 శాతం కడితే కంపెనీ 3.25 శాతం కట్టాలి. 21 వేల మీద అది నెలకు 682 రూపాయల 50 పైసలు, ఏడాదికి 8,190. జీతం కాస్త పెరిగి ఆ హద్దు దాటితే కంపెనీకి ఆ డబ్బు మిగులుతుంది, మాకేమో వైద్యం పోతుంది. "కొత్తగా ఏమీ ఇవ్వక్కర్లేదు సార్, మా పేరున కట్టేదే మళ్లీ మా పేరున కట్టండి" అన్నాం. ప్రీమియం బ్యాంకు ద్వారా కడితే వ్యాపార ఖర్చు కింద చూపించుకోవచ్చని అకౌంటెంట్ గారు కూడా చెప్పడంతో ఆయన మెత్తబడ్డారు.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలకు 3 లక్షల కవర్. ప్రీమియం 14 వేల దగ్గర తేలింది. సార్ ఏటా 8 వేలు ఇస్తానన్నారు. మేం రూపాయల్లో వద్దు, 60 శాతం అని రాయించుకున్నాం. మేం చేసిన పనుల్లో అన్నిటికన్నా మంచిది ఇదే. గ్రూపులో క్లెయిములు ఎక్కువైతే మరుసటి ఏడు ప్రీమియం పెరుగుతుంది. మాకూ అలాగే పెరిగింది. 8 వేల దగ్గరే ఆగి ఉంటే ఆ భారమంతా మా మీదే పడేది.

ఇక పాలసీ సంగతి. పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంది, బీపీ షుగర్ ఉన్నవాళ్లకు ఇది పెద్ద ఊరట. బయట సొంతంగా కొంటే ఇలాంటి వాటికి మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. ఇబ్బందల్లా గది అద్దె పరిమితితో వచ్చింది. అది కవర్‌లో 1 శాతం, అంటే రోజుకు 3,000. మా ఆవిడకు గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అప్పుడు ఖాళీగా ఉన్న గది 4,500 ది. డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్‌లో ఇచ్చిన కాగితం చూస్తే గది తేడాతో పోలేదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ ఛార్జీలు, నర్సింగ్, గది అద్దెలో ఒప్పుకోని వంతు ఎంతో అదే లెక్కన అన్నిట్లోనూ మూడో వంతు కోసేశారు. మందులు, పరీక్షల జోలికి మాత్రం రాలేదు. జేబులోంచి కట్టి బయటపడ్డాం.

తర్వాతి రెన్యూవల్‌కి కవర్ పెంచమని కాకుండా ఈ పరిమితి తీసేయమని అడిగాం. ప్రీమియం కొంచెమే పెరిగింది. గడువుకి నెలన్నర ముందే, కొటేషన్లు వస్తున్నప్పుడే అడగాలి. పాలసీ జారీ అయ్యాక ఎంత మొత్తుకున్నా మళ్లీ ఏడాది దాకా ఏమీ మారదు.

లోపాలూ ఉన్నాయి. ఈఎస్ఐలో వైద్యం ఖర్చుకు ఇంత అని పరిమితి లేదు, మన మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ వైద్యం దొరికేది. ఇందులో ఖర్చుకు హద్దు ఉంది, అమ్మానాన్నలకు కవర్ లేదు. అమ్మానాన్నలకు నేను విడిగా పాలసీ తీసుకున్నాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేయడం కలిసొచ్చింది, గ్రూప్ పాలసీలకు అది అలాగే ఉంది. ఉద్యోగం మానేస్తే ఈ కవర్ కూడా పోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలుంది కానీ, రిజైన్ చేసే ముందే అడిగి కాగితాలు కదిలించాలి. మా దగ్గర మానేసిన ఒకాయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఈసారి రెన్యూవల్‌కి కాన్పు ఖర్చు పరిమితి పెంచమని అడగబోతున్నాం. కొత్తగా చేరినవాళ్లలో పెళ్లయినవాళ్లే ఎక్కువ.