పీఎల్‌ఏ, పీహెచ్‌ఏ: ఏది మేలు?

బయోప్లాస్టిక్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. వాటిలో రెండు రకాలు పీఎల్‌ఏ (పాలీలాక్టిక్ ఆమ్లం), పీహెచ్‌ఏ (పాలీహైడ్రాక్సీఆల్కనోయేట్). పీఎల్‌ఏ తయారీలో బ్యాక్టీరియా చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం ఇవ్వడంతో సరి. దాన్ని పొడవాటి గొలుసులుగా కూర్చేది కర్మాగారం. పీహెచ్‌ఏ మాత్రం పూర్తిగా బ్యాక్టీరియా కణంలోనే తయారవుతుంది. చక్కెర దండిగా ఉండి నత్రజనో భాస్వరమో కరువైతే, కుప్రియావిడస్ నెకేటర్ అనే బ్యాక్టీరియా మిగులును పీహెచ్‌ఏ గింజలుగా దాచుకుంటుంది. ఎండబెట్టిన కణం బరువులో 80 శాతం దాకా ఈ నిల్వే ఉండవచ్చు. సూడాన్ బ్లాక్ అనే రంగు పట్టించి మైక్రోస్కోపులో చూస్తే ఆ గింజలు నల్లటి చుక్కలుగా కనిపిస్తాయి. పీహెచ్‌ఏ ఒకే ప్లాస్టిక్ కాదు, ఒక కుటుంబం. అందులో మొదటిదైన పీహెచ్‌బీని పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో మారిస్ లెమోయిన్ 1926లోనే గుర్తించారు.

అసలు తేడా ఇక్కడే ఉంది. పీహెచ్‌ఏ సూక్ష్మజీవుల ఆహార నిల్వ కాబట్టి దాన్ని విడగొట్టే ఎంజైములు మట్టిలోనూ సముద్రంలోనూ ఉన్న ఎన్నో జీవులకు ఉన్నాయి. పలుచని పొర త్వరగా, మందపాటి సీసా ఆలస్యంగా విచ్ఛిన్నమవుతాయి కానీ, రెండూ విచ్ఛిన్నమవుతాయి. పీఎల్‌ఏకు దాదాపు 60 డిగ్రీల వేడి, తేమ నిలకడగా ఉండే పారిశ్రామిక కంపోస్టు కేంద్రం కావాలి. అది లేని ఊళ్లో 'కంపోస్టబుల్' ముద్ర ఉన్న పీఎల్‌ఏ గ్లాసు మురుగుకాలువలో పడితే మామూలు ప్లాస్టిక్‌లాగే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. ఆ ముద్రను చూపి పర్యావరణహితమని అమ్మడం కొనేవాళ్లను మోసం చేయడమేనని నా అభిప్రాయం.

పీఎల్‌ఏకు చౌకదనం, పారదర్శకత ఉన్నాయి. చల్లని పానీయాలకు, త్రీడీ ప్రింటింగ్‌కు అది చాలు. వేడి టీ పోస్తే మాత్రం మామూలు రకం గ్లాసు మెత్తబడి వంగిపోతుంది. పీహెచ్‌బీ 175 డిగ్రీల దగ్గర గానీ కరగదు, కానీ పెళుసు. అందుకే దాని గొలుసులో వాలరేట్ అనే మరో భాగాన్ని కలిపి, అంత పెళుసు కాని పీహెచ్‌బీవీగా మారుస్తారు.

శస్త్రచికిత్సలో రెండూ పనికొస్తాయి. పీహెచ్‌ఏ కుటుంబానికే చెందిన పీ4హెచ్‌బీతో చేసిన కుట్టుదారానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లో అనుమతినిచ్చింది. పని అయ్యాక శరీరం దాన్ని నెమ్మదిగా కరిగించుకుంటుంది.

మిరప, టమాటా సాళ్లపై పరిచే మల్చింగ్ షీటుకు నేను పీహెచ్‌ఏనే ఎంచుకుంటాను. పాలిథీన్ షీటును పంటయ్యాక ఎంత ఏరినా చిరుగులు మట్టిలో మిగిలిపోతాయి. పీహెచ్‌ఏ ధర పాలిథీన్‌కు కొన్ని రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ భారం రైతు ఒక్కడే మోయలేడు. డ్రిప్ పరికరాలకు ఇచ్చినట్టే దీనికీ ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వాలి.