పోర్టెయినర్ పాస్‌వర్డ్ రీసెట్ హెల్పర్: పని చేస్తుంది, కానీ వాల్యూమ్ పేరు చూసుకోండి

డాకర్ కంటైనర్లని (యాప్స్‌ని విడివిడిగా నడిపే డబ్బాల్లాంటివి) బ్రౌజర్లోంచే చూసుకునే పోర్టెయినర్ మీద రివ్యూలు బోలెడున్నాయి, దాని అడ్మిన్ పాస్‌వర్డ్ పోతే వాడమని వాళ్ళే ఇచ్చే హెల్పర్ కంటైనర్ గురించి మాత్రం ఎవరూ పెద్దగా రాయరు. మాకు సెటప్ చేసినాయన వేరే టీమ్‌కి వెళ్ళిపోయాడు, అడిగితే తనకీ గుర్తు లేదన్నాడు, సరే అని ఇది వాడాం, పనైపోయింది. ఐదుకి నాలుగు ఇస్తా.

మెయిల్‌కి లింక్ వచ్చే టైపు కాదిది. యూజర్లు, పాస్‌వర్డ్ హ్యాష్‌లు (పాస్‌వర్డ్‌ని గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి దాచినవి) అన్నీ డేటా ఫోల్డర్లో పోర్టెయినర్ డాట్ డీబీ అనే ఒక్క ఫైల్లో ఉంటాయి, హెల్పర్ ఆ ఫైల్ తెరిచి అడ్మిన్‌కి కొత్త పాస్‌వర్డ్ రాసేసి, దాన్ని స్క్రీన్ మీద చూపించి తన దారిన తను పోతుంది. అది బోల్ట్ డీబీ అనే డేటాబేస్ ఫైల్, పోర్టెయినర్ నడుస్తున్నంతసేపు లాక్ అయి ఉంటుంది కాబట్టి ముందు ఆ కంటైనర్ని ఆపాలి. ఆపితే మిగతా యాప్స్ కూడా పడిపోతాయేమోనని కొందరు భయపడతారు గానీ ఏం కాదు, అవి వాటి పాటికి నడుస్తూనే ఉంటాయి. స్వార్మ్‌లో (చాలా మెషీన్లని కలిపి నడిపే డాకర్ పద్ధతి) అయితే ఊరికే స్టాప్ కొడితే మళ్ళీ లేచి కూర్చుంటుంది, సర్వీస్‌ని సున్నాకి స్కేల్ చేయాలి, అంటే నడిచే కాపీలు సున్నా చేయాలి.

అసలు తలనొప్పంతా హెల్పర్‌కి మనం ఇవ్వాల్సిన వాల్యూమ్ (ఆ డేటా ఫోల్డర్ ఉండే డాకర్ స్టోరేజ్) పేరు దగ్గరే. డాక్యుమెంటేషన్‌లో ఉన్న పేరు అలాగే కాపీ కొట్టేస్తాం, కంపోజ్‌తో (కంటైనర్ల సెటప్‌ని ఒక ఫైల్లో రాసి నడిపే డాకర్ టూల్) పెట్టిన వాల్యూమ్‌కేమో మామూలుగా ముందు ప్రాజెక్ట్ పేరు కూడా తగిలి ఉంటుంది. పోనీ తప్పు పేరిస్తే డాకర్ ఎర్రర్ ఇస్తుందా అంటే ఇవ్వదు, చక్కగా ఆ పేరుతో ఇంకో ఖాళీ వాల్యూమ్ చేసి పెడుతుంది, అందులో డేటాబేస్ ఎక్కడిది, హెల్పరే పాడైందనుకుని మనం జుట్టు పీక్కోవాలి. పాత పోర్టెయినర్ కంటైనర్ మీద డాకర్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొట్టి మౌంట్స్ కింద ఏ వాల్యూమ్ పేరుందో అదే ఇవ్వండి. ఈ ఒక్క ముక్క పైనే పెద్దక్షరాల్లో రాసుంటే ఐదుకి ఐదు ఇచ్చేవాణ్ణి.

"ఇదంతా ఎందుకు, వాల్యూమ్ తీసేసి కొత్తగా పెట్టుకో" అనేవాళ్ళ మాట మాత్రం వినకండి. కంటైనర్లు బతికే ఉంటాయి కానీ పోర్టెయినర్ వెబ్ ఎడిటర్లో రాసుకున్న కంపోజ్ ఫైళ్ళు ఆ వాల్యూమ్‌లోనే ఉంటాయి, అవి పోతాయి, ఆ తర్వాత పోర్టెయినర్ మీరు చేసిన స్టాక్‌నే (ఒకే కంపోజ్ ఫైల్‌తో నడిచే కంటైనర్ల గుంపు) మీకు చూపించి ఇది బయట తయారైంది, కంట్రోల్ పరిమితం అంటుంది. చూస్తే ఒళ్ళు మండుద్ది.

సొంత సర్వర్ మీద పెట్టుకునే మిగతా యాప్స్‌తో పోలిస్తే ఈ రీసెట్ పద్ధతి మధ్యస్తం. ఇమిచ్‌లో (ఫోటోల యాప్), గ్రఫానాలో (గ్రాఫులు చూపే యాప్) యాప్ ఆపకుండా కంటైనర్ లోపలే ఒక కమాండ్ కొడితే అడ్మిన్ పాస్‌వర్డ్ మారిపోద్ది, నెక్స్ట్‌క్లౌడ్‌లో (ఫైళ్ళు దాచుకునే యాప్) ఓసీసీ అనే కమాండ్ ఉంది. గ్రఫానాలో పాస్‌వర్డ్ ఇచ్చే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (కంటైనర్‌కి బయట నుంచి ఇచ్చే సెట్టింగ్) మార్చి రీస్టార్ట్ చేస్తే సరిపోద్దనుకుంటారు, సరిపోదు, అది మొదటిసారి డేటాబేస్ తయారయ్యేటప్పుడే చదువుతుంది. ఇక పాస్‌వర్డ్లు దాచుకునే వాల్ట్‌వార్డెన్ మాస్టర్ పాస్‌వర్డ్ పోతే మాత్రం సర్వర్ మీద రూట్ (పూర్తి అధికారం) ఉన్నా లాభం లేదు, డేటా ఆ పాస్‌వర్డ్‌తోనే ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది.

హెల్పర్ వాడేవాళ్ళకి ఇంకొకటి, కొత్త పాస్‌వర్డ్ టెర్మినల్లో దాపరికం లేకుండా కనిపిస్తుంది, లోపలికెళ్ళగానే మార్చేయండి.