పికప్ బండి కొనబోయేవారికి హెచ్చరిక: కింద పూసిన నల్ల పూతను గీకి చూడకుండా డబ్బు ఇవ్వకండి

నిన్న మధ్యాహ్నం, పాత మద్రాసు రోడ్డు పక్కనున్న ఒక పాత వాహనాల యార్డులో, మూడు వారాలుగా నన్ను నోరారా “అన్నా” అని పిలుస్తూ వచ్చిన మనిషి నా కళ్ల ముందే తెలుగు మరిచిపోయాడు. ఆ యార్డు పేరు ఇక్కడ రాయడం లేదు. కృష్ణరాజపురం నుంచి హోసకోట వైపు పాత బండ్ల కోసం తిరిగినవారిలో సగం మంది ఆ గేటు లోపల అల్లం టీ తాగే ఉంటారు కనుక పేరుతో పని కూడా లేదు. బండి కంపెనీ పేరు కూడా రాయను. తప్పు బండిని తయారు చేసినవారిది కాదు, అమ్మినవాడిది. వాడి తరువాత నాది.

ముందు కథ క్లుప్తంగా చెప్పి ముగిస్తాను. నేను బెంగళూరులో పెళ్లిళ్లకు, సభలకు జనరేటర్లు అద్దెకు ఇచ్చుకొని బతుకుతున్నాను. ట్రాలీ లాగడానికి ప్రతిసారీ ఎవరో ఒకరి బండిని బతిమాలుకోవడం విసుగెత్తి, సొంతంగా ఒక డీజిల్ పికప్ కొందామనుకున్నాను. కొత్త టొయోటా హైలక్స్ పికప్ మన బిడదిలోనే తయారవుతున్నా, 2022లో వచ్చినప్పుడే దాని షోరూం ధర 34 లక్షలకు చేరువలో ఉంది కాబట్టి అది నా లెక్కలోకి రాదు. అందువల్ల పాత డబుల్ క్యాబ్ బండి ఒకటి చూసి, 7,90,000 రూపాయలకు బేరం కుదుర్చుకున్నాను. అందులో 6 లక్షలు బ్యాంకు ద్వారా, 1,90,000 నగదుగా ఇచ్చాను. నగదు రెండు లక్షలకు చేరితే ఆదాయపు పన్ను చట్టంతో చిక్కు వస్తుందని అమ్మినవాడే నాకు వివరంగా చెప్పాడు. చట్టం తెలిసిన మనిషి దొరికాడని ఆ రోజు నేను మురిసిపోయాను.

మొదటి రోజే స్పష్టంగా అడిగాను: నా జనరేటరు 62.5 కేవీఏ, ట్రాలీతో కలిపి వేబ్రిడ్జి చీటీలో 2,140 కిలోలు వచ్చింది, ఈ బండి దాన్ని లాగగలదా అని. చీటీ కూడా చూపించాను. దాని వైపు చూడకుండానే, “ఇది ఏనుగన్నా, ఏనుగు. నీ జనరేటరు దీనికి ఒక లెక్కా?” అన్నాడు. మా అత్తవారిది పుంగనూరు అని తెలియగానే తమది మదనపల్లె అని, అయితే మనం చుట్టాలమే అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వైట్‌ఫీల్డులో పదకొండేళ్లుగా ఉంటూ రోజంతా మూడు భాషలు కలిపి మాట్లాడే నాకు, చిత్తూరు యాసలో కడుపు నిండా తెలుగు వినబడేసరికి బుద్ధి కాస్త పక్కకు తప్పుకుంది. తరువాత తన ఫోనులో, ఆస్ట్రేలియాలో అలాంటి పికప్ ఒకటి ఇల్లంత కారవాన్‌ను కొండ మీదికి లాగుతున్న వీడియో చూపించి, “మూడున్నర టన్నులన్నా” అని వేళ్లు చూపాడు.

ఆ 3,500 కిలోల అంకె అబద్ధం కాదు. ఆస్ట్రేలియాలో ఫోర్ బై ఫోర్ డీజిల్ హైలక్స్‌కైనా, మూడు లీటర్ల ఇంజనున్న ఇసుజు డీ-మాక్స్ పికప్‌కైనా కంపెనీవారు అదే అంకె ఇస్తారు. అయితే అది ట్రైలరుకు సొంత బ్రేకులు ఉన్నప్పటి లెక్క. బ్రేకులు లేని ట్రైలరుకు అదే పట్టికలో పక్కనే 750 కిలోలు అని ఉంటుంది. నా ట్రాలీకి ఉన్నది నిలిపినచోట కదలకుండా పట్టే చేతి బ్రేకు ఒక్కటే, అంటే పరిగెత్తేటప్పుడు రెండు టన్నుల పైబడిన ఆ బరువును ఆపవలసిన భారమంతా ముందున్న బండి మీదే పడుతుంది, ఆ బండి ఖాళీగా ఉన్నప్పుడు తన ట్రాలీ కన్నా తేలికైనది. పైగా అక్కడి డీ-మాక్స్‌కు ఉన్న ఇంజను ఇక్కడి దానికి లేదు; మనకు శ్రీసిటీ కర్మాగారం నుంచి వీ-క్రాస్ పేరుతో వచ్చిన డీ-మాక్స్‌లో మొదట 2.5 లీటర్ల ఇంజను, 320 న్యూటన్ మీటర్ల టార్కు, అంటే చక్రాలను తిప్పే బలం, ఉండేవి, తరువాత 1.9 లీటర్లు, 360 న్యూటన్ మీటర్లు వచ్చాయి. బండి రూపం ఒకటే కదా అని అక్కడి అంకెను ఇక్కడి బండికి తగిలించకూడదు. బండి బరువు, అందులోని సరుకు, మనుషులు, వెనక ట్రాలీ అన్నీ కలిపి ఎంత దాటకూడదో ఆ మోడలు మాన్యువల్‌లో చూడాలి. ఇదంతా నేను మొన్న రాత్రి కూర్చుని చదివాను. రెండు గంటలు పట్టింది. కొనకముందు ఆ రెండు గంటలు నాకు దొరకలేదు, యార్డులో టీ తాగడానికి మాత్రం మూడు మధ్యాహ్నాలు దొరికాయి.

ఊళ్లో మొదటి నాలుగు బుకింగులు బాగానే నడిచాయి. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు ఒకసారి కాలిన వాసన వస్తే, ముందున్న లారీదనుకొని అద్దం పైకెత్తుకున్నాను.

గత శుక్రవారం చిత్తూరులో పెళ్లి. ముళబాగిలు, నంగలి, పలమనేరు దాటి మొగిలి ఘాటు దిగాలి. 2024 సెప్టెంబరులో ఆర్టీసీ బస్సు, లారీలు ఢీకొని పలువురు చనిపోయిన ఘాటు అదే కనుక నేను జాగ్రత్తగానే ఉన్నాను. రెండో గేరులో, ఇంజను మీదే భారం వేసి దిగుతున్నాను. అయినా బ్రేకు తొక్కిన ప్రతిసారీ ట్రాలీ వెనక నుంచి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు తోసింది. సగం దూరం దిగేసరికి పెడలు మెత్తబడింది. ఆ తరువాతి మలుపులో వెనక నుంచి కొబ్బరికాయ పగిలినట్టు ఒక శబ్దం వచ్చింది. అద్దంలో చూస్తే జనరేటరు తల పక్కకు వాల్చి ఉంది. ట్రాలీని తగిలించే హుక్ బిగించిన పట్టీ ఎడమవైపున బోల్టులతో సహా, చాసిస్ ఉక్కు ముక్కను కొరుక్కొని ఊడి వచ్చింది. ట్రాలీని పట్టి ఉంచింది మా కుర్రవాడు బయలుదేరేటప్పుడు పట్టుబట్టి కట్టిన ఇనుప గొలుసు. ఆలస్యమవుతోందని ఆ గొలుసు కట్టేటప్పుడు నేను వాడిని తిట్టాను. పెళ్లివారు వేరే జనరేటరు తెప్పించుకొని నా అడ్వాన్సు వెనక్కి తీసుకున్నారు, ఆ మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

బండిని మరో వాహనం మీద ఎక్కించుకొని బెంగళూరు తెచ్చి, సోమవారం ఉదయం సర్వీసు సెంటరులో లిఫ్టు మీద పెట్టించాను. అక్కడి మెకానిక్కు పెద్దాయన బండి కింద నిలబడి, స్క్రూడ్రైవరు మొనతో ఎడమ చాసిస్ పట్టీ మీద మెల్లగా గీకాడు. నల్లగా, తడిసిన గేదె వీపులా మెరుస్తున్న ఆ అండర్ కోటింగు పొక్కిన చర్మంలా లేచి వచ్చింది. దాని కింద జానెడు పొడవున చీమల బారులాగా వెల్డింగు గీత. బండి ఎప్పుడో వెనక నుంచి గట్టిగా దెబ్బ తిన్నదని, చాసిస్ కోసి అతికించారని, ఆ అతుకు పక్కనే రంధ్రాలు వేసి హుక్ బిగించారని ఆయన చెప్పాడు. వెల్డింగు వేడి తగిలిన చోట ఉక్కు తన సహజ బలాన్ని కొంత పోగొట్టుకుంటుంది. ట్రాలీ లాగేటప్పుడు వెనక్కి, బ్రేకు వేసేటప్పుడు ముందుకు, రోజుకు వందల సార్లు ఆ ఒక్కచోటే దెబ్బ పడుతుంది. క్లచ్ ప్లేటు కాలి అద్దంలా నున్నబడి ఉంది. బ్రేకు ఆయిలు టీ డికాక్షను రంగులో ఉంది. పాతబడిన బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొని ఉంటుంది కనుక ఘాటులో వేడెక్కగానే మరిగి పెడలును మెత్తబరుస్తుందట. రిజిస్ట్రేషను నంబరు కొట్టి చూస్తే, మూడేళ్ల కిందటి సర్వీసు నాటికే బండి 1,32,000 కిలోమీటర్లు తిరిగినట్టు తేలింది. నాకు అమ్మిన రోజు మీటరులో ఉన్నది 64,000. సర్వీసు పుస్తకం ఇల్లు మారేటప్పుడు పోయిందని అమ్మినవాడు చెబితే నేను నిజంగానే అయ్యో అన్నాను.

ఆ నల్ల పూతను చూసే నేను బండి తీసుకున్నాను. “కింద కూడా ఎంత శుభ్రంగా ఉందో” అని మా ఆవిడకు ఫొటో తీసి పంపాను. ఆ ఫొటో ఇంకా ఫోనులో ఉంది. వెల్డింగు సరిగ్గా ఫొటో మధ్యలో పడింది.

ఇక నిన్నటి మాట. మెకానిక్కు రాసిచ్చిన కాగితం, ఫొటోలు, ఊడి వచ్చిన పట్టీ సంచిలో వేసుకొని యార్డుకు వెళ్లాను. మొదటి మాటలోనే గొడవ పెట్టుకోవాలన్న ఉద్దేశం నాకు లేదు. చుట్టరికం చెప్పిన మనిషి కదా, సగమైనా వెనక్కి ఇస్తాడన్న ఆశ దారి పొడవునా ఉంది. అతను ఎప్పటి కుర్చీలోనే, నలుగురు కుర్రవాళ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. నేను పట్టీని బల్ల మీద పెట్టి, “ఏమయ్యా, ఘాటులో ప్రాణం పోయేది” అన్నాను. అతను నా ముఖంలోకి, ఆ పట్టీలోకి, మళ్లీ నా ముఖంలోకి చూసి, ఎంతో మర్యాదగా, “యారు బేకిత్తు సార్?” అన్నాడు. ఎవరు కావాలండీ అని. నేను నవ్వులాటనుకున్నాను. తెలుగులోనే మళ్లీ మొదలుపెడితే, పక్కనున్న కుర్రవాడి వైపు తిరిగి, ఈ సార్ ఏం మాట్లాడుతున్నారో “గొత్తాగ్తిల్ల” అన్నాడు. మూడు వారాల కిందట మా అత్తగారి ఊరి జాతర గురించి గంటసేపు మాట్లాడిన మనిషికి నా భాష అర్థం కావడం లేదట. కుర్రవాళ్లు తల వంచుకొని నవ్వుకున్నారు. దొంగతనం కన్నా నన్ను ఎక్కువ కాల్చింది ఆ నవ్వు.

సరే అని నాకు వచ్చిన కన్నడంలోనే అడిగాను. అప్పుడు బల్ల సొరుగులోంచి డెలివరీ కాగితం తీశాడు. కింద నా సంతకం ఉంది. సంతకం పైన కన్నడంలో ఒక వాక్యం ఉంది: బండిని “యథాస్థితియల్లి” తీసుకుంటున్నాననీ, తరువాత ఏ బాధ్యతా అమ్మినవారిది కాదనీ. మన లిపికి అక్కచెల్లెలు లాంటి లిపి అది, తలకట్టు తేడాతో కూడబలుక్కున్నా చదవవచ్చు, ఆ మాట తెలుగులో కూడా అదే మాట. చదవకుండా సంతకం పెట్టాను. ఎందుకంటే అప్పుడు అతను నాకు పుంగనూరు ఆవుల గురించి చెబుతున్నాడు.

నేను ఆ కాగితం చేతిలో పట్టుకొని నిలబడి ఉండగానే అతని ఫోను మోగింది. కుర్చీ కొంచెం అవతలికి తిప్పుకొని, గొంతు తగ్గించి మాట్లాడాడు. మూడడుగుల దూరంలో ఉన్న నాకు ప్రతి అక్షరం వినబడింది. “ఆఁ, చెప్పన్నా... ఉందన్నా, తెల్లది... ట్రైలరా? ఇది ఏనుగన్నా, ఏనుగు.”

ఒక న్యాయవాదిని అడిగాను. వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపారం కోసం కొన్నవారిని వినియోగదారులుగా లెక్కించదట, సొంత జీవనోపాధి కోసం స్వయంగా వాడుకొనేవారికి మాత్రం మినహాయింపు ఉందట. జీఎస్టీ కలిసి వస్తుందని బిల్లు నా షాపు పేరు మీద చేయించుకున్న తెలివితేటలు నావే కనుక, ఇప్పుడు ఆ మినహాయింపులోకి నేను వస్తానని నిరూపించుకోవాలి. 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీటరు తిప్పిన సంగతి మీద పోలీసు ఫిర్యాదు వేరే ఇస్తున్నాను.

కొనేవారికి చెప్పవలసినవి నాలుగు ముక్కలు. డబ్బు ఇవ్వకముందు బండిని లిఫ్టు మీద పెట్టించండి, కింద కొత్త నల్ల పూత కనిపిస్తే గీకనివ్వమనండి, గీకనివ్వకపోతే వచ్చేయండి. సర్వీసు చరిత్ర పుస్తకంలో కాకుండా రిజిస్ట్రేషను నంబరు మీద చూడండి. ట్రాలీకి బ్రేకులు లేకపోతే ముందు ఆ పని చేయించండి, బరువులో సుమారు పదో వంతు హుక్ మీద పడేలా సరుకు అమర్చండి, గొలుసు కట్టేవాడిని తిట్టకండి. ఏ బరువుకు కొంటున్నారో వాట్సాప్‌లో రాసి, అవునని జవాబు తెప్పించుకోండి. నేను అన్నీ నోటితోనే అడిగాను.

నిన్న మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో ఆ ఫోను చేసినది మీరే అయితే, దయచేసి అడ్వాన్సు పంపకండి. మీకు చెబుతున్న ఆ తెల్ల బండిని నేను బయటికి వస్తూ వంగి చూశాను. ఎడమ వెనక చక్రం లోపలివైపు వేలు పెడితే, పూత ఇంకా ఆరలేదు, నల్లగా వేలికి అంటుకుంది.