అబ్బే రోడ్ ముందా, లెట్ ఇట్ బీ ముందా?

ఇవి రెండూ ఇంగ్లండ్ రాక్ బృందం బీటిల్స్ ఆల్బమ్‌లు. బృందం విడిపోయాక 1970 మేలో వచ్చింది కాబట్టి లెట్ ఇట్ బీనే చివరిదని చాలామంది లెక్క. నిజానికి అందులో ఎక్కువ భాగం 1969 జనవరిలోనే రికార్డయింది. అబ్బే రోడ్ పని ప్రధానంగా ఆ తర్వాతే.

అబ్బే రోడ్‌కు 8 ట్రాక్‌ల టేపు, ట్రాన్సిస్టర్లతో పనిచేసే మిక్సింగ్ కన్సోల్ వాడారు. అందుకే డ్రమ్స్, బేస్ గుండ్రంగా, నిండుగా వినిపిస్తాయి. రికార్డు రెండో వైపున్న మెడ్లీని (ఒకదానికొకటి కలిపేసిన పాటల వరుసను) షఫుల్‌లో పెడితే చెడినట్టే. పాటల మధ్య ఖాళీ లేకుండా ప్లేయర్ సెట్ చేయాలి.

లెట్ ఇట్ బీలో బృందం మేడమీద చేసిన కచేరీ నుంచి తీసుకున్న పాటలు మూడు పచ్చిగా, బాగున్నాయి. ‘ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్’ మీద నిర్మాత ఫిల్ స్పెక్టర్ పోసిన తీగవాద్యాలు, బృందగానం మాత్రం అతి. ఆ పాట రాసిన బృంద సభ్యుడు పాల్ మెకార్ట్‌నీకీ నచ్చలేదు. ఈ ఆల్బమ్‌కే 2003లో వచ్చిన ‘నేకెడ్’ కూర్పులో అవి ఉండవు.

వీడ్కోలు వినాలంటే అబ్బే రోడే.