డాగెరోటైప్ కేసులు: తోలుదా, యూనియన్ కేసా?

పాత డాగెరోటైప్, అంటే లోహపు రేకు మీద తీసిన తొలినాటి ఫోటో, చేతికి రాగానే చూపు కేసు మూత మీది నగిషీకే అతుక్కుపోతుంది. పటం ఇన్నాళ్ళు నిలిచిందా లేదా అన్నది తేల్చేది మాత్రం లోపల, ఇత్తడి చట్రం కింద కనబడకుండా ఉండే సన్నని కాగితపు పట్టీ. కేసుల మంచిచెడ్డలు చూడాల్సింది ఆ పట్టీని మనసులో పెట్టుకునే.

1839లో పారిస్‌లో వెల్లడైన ఈ పద్ధతిలో బొమ్మ పడేది వెండి పూసిన రాగి రేకు మీద. అద్దంలా మెరుగుపెట్టిన వెండికి అయోడిన్ ఆవిరి పట్టించి, కెమెరాలో వెలుగు సోకించి, పాదరసపు ఆవిరితో బొమ్మ తేల్చేవారు. ఆ బొమ్మంతా వెండి మీద నిలిచిన అతి సూక్ష్మమైన రేణువులే. మెత్తని గుడ్డతో ఒక్కసారి తుడిచినా ముఖం పాడవుతుంది. గాలిలోని గంధకపు వాయువులు తగిలితే వెండి నల్లబడుతుంది. అందుకే రేకు మీద ఇత్తడి మాట్ (బొమ్మ కనబడేలా మధ్యలో కోసిన పలక), దాని మీద గాజు పెట్టి, మూడింటి అంచులనూ కలిపి కాగితపు పట్టీతో అతికించేవారు. 1840ల చివరికి ఆ పొట్లానికి ప్రిజర్వర్ అనే పల్చటి ఇత్తడి చట్రం తొడగడం అలవాటైంది. పొట్లం కేసులో ఒకవైపు గూట్లో కూర్చుంటుంది, ఎదుటి మూతలో ముఖమల్ మెత్త ఉంటుంది.

తోలు కేసంటే సన్నని చెక్క పెట్టెకి అచ్చొత్తిన తోలు అతికించినది. చవక రకానికి తోలు బదులు కాగితం. తేలిగ్గా ఉంటుంది, చేయి జారినా సాధారణంగా ముక్కలు కాదు. దీని బలహీనతంతా మడత దగ్గరే. తెరిచి మూసినప్పుడల్లా అక్కడి తోలు పట్టీ నలుగుతుంది, ఎండి ఎర్రటి పొడిగా రాలుతుంది, చివరికి మూత ఊడి వస్తుంది. జపనీస్ కాగితం, గోధుమ పిండి జిగురుతో ఆ మడతను మళ్ళీ కట్టవచ్చు. సెల్లో టేపు మాత్రం వేయకండి, తీసేటప్పుడు తోలు పైపొర కూడా దాంతోనే లేచిపోతుంది.

యూనియన్ కేసు తీరే వేరు. కనెక్టికట్‌లోని న్యూ హేవెన్ వాసి శామ్యూల్ పెక్ 1854లో దీనికి పేటెంట్ పొందాడు. లక్క, కట్టెపొట్టు, రంగు కలిపిన ముద్దను వేడిచేసి ఉక్కు అచ్చుల్లో నొక్కేవారు. దీన్ని గట్టాపర్చా (ఒక చెట్టు పాలతో చేసే రబ్బరులాంటి పదార్థం) అని చెప్పి అమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, అది తప్పు. ఇందులో నగిషీకి ఉన్న పదును తోలుకి ఎన్నడూ రాలేదు, మంచి కేసు మీద ఆకుల ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు. కానీ పదార్థం పెళుసు. మూలలు పెచ్చులూడతాయి, కీళ్ళ దగ్గర చీలుతుంది. మసాచుసెట్స్‌లోని ఫ్లారెన్స్‌లో ఆల్ఫ్రెడ్ క్రిచ్‌లో 1856లో కీలుకు ప్రత్యేకంగా పేటెంట్ తీసుకున్నది ఈ బాధ తప్పించడానికే. దుమ్ము పొడి కుంచెతో దులిపితే చాలు. స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది, నగిషీ మసకబారుతుంది.

అందానికి యూనియన్ కేసు, చేత్తో పట్టుకుని తరచూ చూడ్డానికి తోలు కేసు. గాలిని ఆపడంలో రెండూ ఒకటే, ఆ పని పట్టీదే.

కొనేటప్పుడు మొదట పటాన్ని అటూఇటూ వంచి చూడండి. ఒక కోణంలో మీ ముఖమే కనబడి, బొమ్మ వెలుగునీడలు తారుమారైతే అది డాగెరోటైప్. గాజు మీద తీసిన ఆంబ్రోటైప్‌లో ఆ అద్దపు మెరుపుండదు, టిన్‌టైప్ ఇనుప రేకు కాబట్టి అయస్కాంతానికి లొంగుతుంది. యూనియన్ కేసుల్లో ఈ రెండూ తరచుగా దొరుకుతాయి. తర్వాత మాట్ అంచు వెంబడి నీలం, గోధుమ రంగు వలయాన్ని గమనించండి. వెండి నల్లబడటం అంచుల నుంచే మొదలవుతుంది కాబట్టి అది మాట్ ఆకారాన్నే అనుసరించాలి. మాట్ కోడిగుడ్డు ఆకారంలో ఉండి వలయం ఎనిమిది పలకలుగా ఉంటే మాట్ మార్చారన్నమాట. ప్రిజర్వర్ లేని, సాదా ఎనిమిది పలకల మాట్ ఉన్న పాత పటం యూనియన్ కేసులో కనబడితే, కేసు తర్వాత జతచేసిందే అనుకోవచ్చు. ప్రిజర్వర్ మూలలు నలిగి, విరిగి ఉంటే లోపలి పట్టీ తెంపారేమోనని అడగండి.

పొట్లం బయటికి తీయాలంటే చాకు పెట్టి లేపకండి. గూటి అంచు విరుగుతుంది, యూనియన్ కేసైతే చిట్లిపోతుంది. గాజుకు బీట లేకపోతే చిన్న రబ్బరు సక్షన్ కప్పు అంటించి నిటారుగా లాగితే వస్తుంది. గాజు లోపలివైపు సన్నని బిందువులు కనబడితే అది తేమ కాదు, గాజే క్షీణించి క్షారం ఊరుతోంది. ఆ చుక్క రేకు మీద పడితే మచ్చ పోదు. అలాంటి పటాన్ని పాత ఫోటోలు బాగుచేసే సంరక్షకుల చేతికిచ్చి, బోరోసిలికేట్ గాజు వేయించి, కొత్త పట్టీతో మూయించాలి. పాత గాజు, పాత పట్టీ ముక్కలు, గూట్లో దొరికిన చీటీ అన్నీ ఒక కవరులో పటంతోనే ఉంచండి.

ఒకప్పుడు నలుపు వదిలించడానికి థయోయూరియా అనే రసాయనపు ద్రావణంలో ముంచేవారు. అది వెండిని కొరుకుతుంది. ముంచిన పటం మొదట మెరిసినా తర్వాత గోధుమ మచ్చలు లేస్తాయి. అలా శుభ్రం చేసినదని తెలిస్తే, కేసు ఎంత అందమైనదైనా వదిలేయండి.