నిలిపి ఉంచిన కారులో బ్యాటరీని తినేస్తున్నదేమిటో చూపించిన డీసీ క్లాంప్ మీటరు

కారు నాలుగు రోజులు కదలకపోతే బ్యాటరీ దిగిపోతోందా? కొత్త బ్యాటరీకి డబ్బు పోసే ముందు ఒక డీసీ క్లాంప్ మీటరు సంపాదించండి. తీగ చుట్టూ నోరు మూసి, అందులో పారే బ్యాటరీ కరెంటును (డీసీ) కొలిచే పరికరమిది. పోయిన వానాకాలానికి ముందు కొన్న నా మీటరు పర్లాకిమిడిలో మా ఇంటి కారుకే కాదు, పాతపట్నంలో, గుణుపురంలో ఉన్న బంధువుల కార్లకూ పనికివచ్చింది. ఇన్నాళ్లు వాడాక దాని మంచీ చెడూ రెండూ చెప్పగలను.

మా వైపు ఎలక్ట్రీషియన్లలో చాలామంది నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, మళ్లీ తాకించి చూస్తారు. నిప్పురవ్వ లేస్తే "ఎక్కడో లీకేజీ ఉంది బాబూ" అంటారు. ఈ పరీక్షను నేను అసలు నమ్మను. ఏ లోపమూ లేని కారులోనైనా టెర్మినల్ తాకగానే కంప్యూటర్ పెట్టెలు ఒక్కసారిగా మేలుకుంటాయి, వాటిలోని కెపాసిటర్లు నిండుతాయి, రవ్వ లేస్తుంది. మామూలు మల్టీమీటరును తీగకు వరుసలో కలిపితే సరైన కొలతే వస్తుంది. కానీ దానికీ టెర్మినల్ ఊడదీయాలి. మధ్యలో ఎవరైనా సెల్ఫ్ కొడితే మీటరులోని 10 ఆంపియర్ల ఫ్యూజు ఎగిరిపోతుంది. క్లాంప్ మీటరుతో ఈ బాధలేవీ లేవు. నోరు తెరిచి నెగటివ్ కేబులు చుట్టూ మూస్తే చాలు. ఏదీ విప్పనక్కరలేదు.

మా కారులో ఏం జరిగిందో చెబుతాను. తలుపులు వేసి లాక్ చేయగానే మీటరు 2 ఆంపియర్ల పైన చూపించింది. అది చూసి కంగారుపడకూడదు. ఇప్పటి కార్లలో కంప్యూటర్లన్నీ నిద్రలోకి జారడానికి పది నిమిషాల నుంచి ముప్పావుగంట దాకా పట్టవచ్చు. ఆ తరువాత 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్ల మధ్య నిలబడితే బండి బాగున్నట్టే. మా కారు మాత్రం ఎంతసేపు చూసినా 280 దగ్గరే ఆగిపోయింది. ఆ లెక్కన రోజుకు దాదాపు 6.7 ఆంపియర్ అవర్లు పోతున్నట్టు. 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదో రోజున సెల్ఫ్ కొట్టలేదంటే అందులో దాని తప్పేముంది?

ఫ్యూజులు ఒక్కొక్కటీ పీకి చూసే పద్ధతి నాకు నచ్చదు. పీకి పెట్టినప్పుడల్లా ఏదో ఒక కంప్యూటర్ మేలుకుంటుంది, మళ్లీ మొదటి నుంచి వేచి ఉండాలి. ఫ్యూజు నెత్తిన రెండు చిన్న లోహపు చుక్కలు బయటికి కనిపిస్తాయి. మీటరును మిల్లీవోల్టుల్లో పెట్టి, రెండు ముళ్లనూ వాటికి ఆనించాను. కరెంటు పారని ఫ్యూజు దగ్గర సున్నా వచ్చింది. స్టీరియో ఫ్యూజు దగ్గర 2 మిల్లీవోల్టులు దాటింది. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజు నిరోధం 7, 8 మిల్లీ ఓములు ఉంటుంది కాబట్టి లెక్క 280కి సరిగ్గా సరిపోయింది. స్టీరియో విప్పి చూస్తే, ఎప్పుడూ కరెంటు ఉండే పసుపు తీగకూ తాళం తిప్పాక మాత్రమే కరెంటు రావలసిన ఎర్ర తీగకూ ఒకటే మెలిక. తెర ఆరిపోయినా లోపలి పెట్టె రాత్రంతా మేలుకునే ఉండేది. ఎర్ర తీగను విడదీసి యాక్సెసరీ తీగకు కలిపాక కొలత 25కి దిగింది.

ఫ్యూజు పెట్టె డ్రైవరు కాళ్ల దగ్గర ఉంటే తలుపు తెరిచి ఉంచక తప్పదు. అప్పుడు తలుపు గొళ్లాన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూయండి, తలుపు వేసినట్టే కారు భావిస్తుంది. పని అయ్యాక హ్యాండిల్ లాగి గొళ్లెం విడిపించాకే తలుపు వేయాలి, లేకపోతే గొళ్లెం విరుగుతుంది.

గుణుపురం బావగారి పాత డీజిల్ బండిలో ఫ్యూజులన్నీ శుభ్రంగా ఉన్నాయి. పాజిటివ్ టెర్మినల్ నుంచి వెళ్లే తీగలను ఒక్కొక్కటిగా పట్టి చూస్తే ఆల్టర్నేటరు (ఇంజను తిరిగేటప్పుడు బ్యాటరీని ఛార్జి చేసేది) తీగలో కరెంటు కనబడింది. కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడు పాడై, ఇంజను ఆగాక కూడా కరెంటు వెనక్కి పారుతోంది. ఇలాంటి చోట ఈ మీటరుకు సాటి లేదు.

ఇక లోపాలు. భూమి అయస్కాంతత్వం దీని మీద బాగా పనిచేస్తుంది. మీటరును చేతిలో ఇటు నుంచి అటు తిప్పితేనే అంకె ఇరవై ముప్పై మిల్లీ ఆంపియర్లు మారుతుంది. అందుకే తీగ పక్కనే, అదే దిశలో పట్టుకుని జీరో బటన్ నొక్కి, చేయి తిప్పకుండా తీగను పట్టాలి. ఎంత జాగ్రత్తపడినా 10 మిల్లీ ఆంపియర్ల లోపు అంకెను నేను లెక్కలోకి తీసుకోను. నోరు చిన్నది కావడంతో లావు కేబుళ్ల దగ్గర ఇబ్బందే. కాసేపటికి తనంతట తానే ఆగిపోతుంది, మళ్లీ ఆన్ చేశాక జీరో కూడా మళ్లీ చేసుకోవాలి. ముప్పావుగంట వేచి ఉండే పనిలో ఇది నిజంగా విసిగిస్తుంది.

కొనేటప్పుడు ఒక్క విషయం గట్టిగా చూడండి. పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ నేను అడిగిన దుకాణాల్లో ముందుగా చూపించినవి ఇళ్ల వైరింగుకు వాడే క్లాంప్ మీటర్లే. వాటి మీద డీసీ అని రాసి ఉన్నా అది వోల్టేజీకి మాత్రమే, నోటితో కొలిచేది ఏసీ కరెంటే. డీసీ కరెంటుకు 2 ఆంపియర్ల రేంజి ఉండాలి, అందులో ఒక్కో మిల్లీ ఆంపియరూ కనబడాలి. దుకాణంలోనే ఎవరి బండి తీగకైనా పట్టి, హెడ్‌లైటు వేయించి, అంకె కదిలితేనే డబ్బు ఇవ్వండి.